ఎడమ వాలు

వింధ్యావళి ఆ ప్రశ్న అడిగి నాలుగేళ్లయింది. సరైన జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

"పచ్చజెండా వాలు హాయిగా దిగుతాను. నీలంజెండా వాలు మీద మూడో స్తంభం దాటగానే కాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఏం చెయ్యాలి?" అని ‘మంచు మీద మనం’ గ్రూపులో అడిగింది. నలభై వేలమంది తెలుగువాళ్లున్న గ్రూపు అది. లంబసింగి దగ్గర ఒక కొండకి కిలోమీటరు పొడవున స్తంభాల మీద కప్పు వేసి, లోపల యంత్రాలతో మంచు కురిపించి, మనవాళ్లకి స్కీయింగ్ పిచ్చి పట్టించిన శ్వేతాద్రి సంస్థ దాన్ని నడుపుతోంది. ఆమె ప్రశ్నకి ముగ్గురు పలికారు. ఒకాయన సాధన చెయ్యమన్నాడు. ఒకావిడ మంచి గురువుని చూసుకోమంది. మూడో ఆయన బొటనవేలి బొమ్మ ఒకటి పడేసి తన దారిన తను పోయాడు.

అదే రోజు, స్కీ పలకల్లో కుడికాలిది ఏదో ఎడమకాలిది ఏదో చెప్పండి బాబూ అని ఒక కొత్తాయన అడిగితే రెండువందల నలభై జవాబులొచ్చాయి. రెండూ ఒకటే అన్న ముక్కనే రెండువందల నలభై మంది రకరకాలుగా ముద్దుచేసి చెప్పారు. శ్వేతాద్రిలో పెద్ద గురువు కలిదిండి అజయసింహరాజు గారు అన్నిటికన్నా నిటారైన నల్లజెండా వాలు మీద గాలిలోకి లేచిన వీడియోకి పన్నెండు వేల లైకులు. చంటివాళ్లని ఎత్తుకోవడానికి అందరూ వస్తారు. వీరులకి హారతి పట్టడానికీ వస్తారు. పడుతూ లేస్తూ మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరికే ఎవరూ రారు, వాళ్లు చూడటానికి బాగుండరు కాబట్టి.

వింధ్యావళికి నలభై ఆరేళ్లు. మనిషి అరికాలు బరువుని ఎలా మోస్తుందన్నది ఆమె చదువు. విశాఖలో శ్వేతాద్రి వాళ్ల ప్రయోగశాలలో ఉద్యోగం. భర్త విశ్వేశం బస్సు డిపోలో కంట్రోలరు. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా పదిహేను రోజులకోసారి కొండెక్కి, నీలంజెండా దగ్గర ఆగిపోయి, ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చేవారు. ఆ జవాబు రాని ప్రశ్న ఆమెని లోపల గుచ్చుతూనే ఉండేది. చివరికి పంతం పట్టి తనే ఒక వస్తువు తయారుచేసింది.

దాన్ని వాళ్లు పొర అనేవారు. మేజోడుకీ బూటుకీ మధ్య పెట్టుకునే పల్చటి పొర. మొదటిసారి దాన్ని పరీక్షించిన రోజున విశ్వేశాన్ని ప్రయోగశాలలో ఊగే చెక్కమీద నిలబెట్టి, కళ్లకి గంతలు కట్టింది. పక్క గదిలో ఇంకో చెక్కమీద తను నిలబడి మెల్లగా ఎడమ మడమ మీద బరువు వేసింది. ఇక్కడ విశ్వేశం అరికాలి కింద సరిగ్గా అదే చోట పొర నొక్కింది, చీమలు బారుగా పాకినట్టు. ఆయన కాలు దానంతటదే ఎడమకి సర్దుకుంది. ఒకరి కాలికి తెలిసింది ఇంకొకరి కాలికి చెప్పడం, అంతే దాని పని. దూరం అడ్డు కాదు, ఇవాళ నమోదు చేసింది ఏడాది తర్వాతయినా పనికొస్తుంది.

గ్రూపులో మధ్యవాళ్లంతా ఒకరి అడుగు ఒకరికి ఇచ్చుకోవాలని ఆమె ఊహ. మూడో స్తంభం నిన్ననే దాటిన మనిషి అడుగు, రేపు దాటబోయే మనిషికి. కానీ శ్వేతాద్రి మేనేజరు సదాశివ పట్నాయక్ ఒక నివేదిక తెచ్చి బల్లమీద పెట్టాడు. గ్రూపులో ఎవరి మాట పైకి రావాలో ఎవరిది అడుగున పడాలో తేల్చే ఒక వడపోత ప్రోగ్రాం ఉంది. మధ్యవాళ్లు తమ గొంతు నమోదు చేసి పెట్టిన సలహాల్లో నూటికి అరవై ప్రమాదకరమని అది తేల్చిందట. ఇలాంటివాళ్ల అడుగులు జనం కాళ్లకి ఎక్కిస్తే ఎముకలు విరుగుతాయని పట్నాయక్ అన్నాడు. అందుకని అందరికీ ఒక్కరి అడుగే పంపాలని నిర్ణయమైంది. అది రాజు గారి అడుగు. నివేదిక చూశాక వింధ్యావళి రాజు గారి అడుగే నమోదు చేసింది.

మొదట తొడుక్కున్న రెండువందల ముప్ఫై మందిలో విశ్వేశం ఒకడు. తొలిరోజే నీలంజెండా వాలు పైనుంచి కింది దాకా ఒక్కసారి కూడా పడకుండా దిగాడు. కింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. క్యాంటీన్లో నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, ఎవరు దొరికితే వాళ్లకి ఆ మలుపు ఎలా తిరిగాడో చేతులతో చూపించాడు. వింధ్యావళికి కూడా ఆ రోజు ఆకాశం అందినట్టే ఉంది. అబద్ధం చెప్పడం దేనికి, ఆమె చాలా సంతోషించింది.

ఆ తర్వాత నెల రోజులు సెలవు పెట్టి రోజూ పొరతో దిగాడు. ముప్ఫై అయిదో రోజు సాయంత్రం కూరల సంచీతో వస్తున్న విశ్వేశం వాళ్ల మేడమెట్ల మీద మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఎంతకీ పైకి రాలేదని ఆమె తొంగిచూస్తే, కమ్మీ పట్టుకుని తన కుడికాలి వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. తమాషా చేస్తున్నాడేమో అనుకుంది. ముఖం చూశాక అలా అనిపించలేదు.

"కాలు ఆగిపోయింది వింధ్యా," అన్నాడు. "ఎవరో చెప్తారని చూస్తోంది."

డాక్టర్లు నరాలన్నీ చూశారు, కండరాలన్నీ చూశారు, అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నారు. ఆమె ఆయన్ని మళ్లీ ఊగే చెక్క ఎక్కించింది. ఈసారి పొర నొక్కకుండా, ఆయన కాలు చేస్తున్నది వినడానికి మాత్రమే పెట్టింది. మామూలు కాలయితే చెక్క ఒరిగీ ఒరగకముందే నిలకడ వెతుక్కుంటుంది. వేళ్లు, మడమ, పక్క అంచు సర్దుకుంటూ పోతాయి, తెరమీద గీత అలలు అలలుగా కదులుతుంది. విశ్వేశం గీత ఒక సెకను పాటు చదునుగా ఉండిపోయింది. ఆ సెకనంతా ఆయన కాలు రాజు గారి కోసం కాచుకుని ఉంది.

పొర తొడుక్కున్న మిగతావాళ్లని కూడా పిలిపించి చూసింది. రెండువందల పదిహేడు మందిది అదే గీత.

పట్నాయక్ చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. విని, దానికి పరిష్కారం సిద్ధంగానే ఉందన్నాడు. మంచు మీదే కాకుండా ఇంట్లో కూడా తొడుక్కోవడానికి ‘ఇంటి పొర’ వస్తోంది. రాజు గారు మెట్లెక్కడం, దిగడం, చెప్పులు విప్పడం, బస్సెక్కడం అన్నీ నమోదు చేసేశారు. మరో పది రోజుల్లో వార్షికోత్సవంలో దాన్ని విడుదల చేస్తారు. మొదటి జత విశ్వేశానికే ఇస్తారట, వేదిక మీద.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు విశ్వేశం గోడ పట్టుకుని వంటింట్లోకి వస్తున్నాడు. ఆయన నవ్వులాట మనిషి. డిపోలో కుర్ర కండక్టరు చెయ్యిపట్టి బస్సెక్కిస్తున్నా దాన్నీ నవ్వులాటలోకే దింపేవాడు. ఆ వేళ నవ్వలేదు. చేతిలో ఉన్న గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"నేను ఏడాది నిండకుండానే నా సొంతంగా నడిచేను. మా అమ్మ అందరికీ చెప్పుకునేది. ఇప్పుడు రాజు గారిలా నడవమంటారేంటి? పడితే పడతాను గానీ అది తొడగను."

తొడగొద్దని ఆమె కూడా అంది. అయితే కాలికి పోయిన సొంత తెలివి ఎలా వస్తుంది? ఆ అరవై శాతం నివేదిక ఆమెని నిద్రపోనివ్వలేదు. పక్కన పడుకున్న విశ్వేశం తొమ్మిదేళ్లు మంచు మీద పడి లేచిన మనిషి, ఏమీ తెలియనివాడు కాదు. ఆయనలాంటి వాళ్ల మాటల్లో సగానికి పైగా ప్రమాదం ఎలా అవుతుందో వినకుండా వదలకూడదనుకుంది.

మర్నాడు వడపోత అడుగున పడేసిన గొంతుల పెట్టె తెరిచింది. పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కింది. విజయనగరం నర్సు గొర్లె పైడితల్లి గొంతు: "మూడో స్తంభం దాటేక ఎడమ వాలు. గుండె గుబేలుమంటాది. నానక్కడే పడ్డాను, మెత్తగానే ఉంటాది." దానిమీద ఎర్రగుర్తు, ప్రమాదకర సలహా అని. ఇంకొకటి, "ముందు వాలు, తర్వాత చదును." దానికీ ఎర్రగుర్తే. ఇంకొకటి, ఇంకొకటి. మధ్యాహ్నం అన్నానికి లేచే వేళకి ఒక గొంతు వచ్చింది. అది విశ్వేశానిది, మూడేళ్ల కిందటిది. ఎడమ వాలు వచ్చినప్పుడు భయంతో తను కొండవైపు ఒరిగిపోయాననీ, ఒరిగినందుకే జారాననీ, ఇంకొకరికి పనికొస్తుందేమో అని చెబుతున్నాననీ ఉంది. మొగుడు ఇలాంటిదొకటి పెట్టాడని కూడా ఆమెకి తెలియదు. ఎవరూ వినకుండా మూడేళ్లు అడుగున పడి ఉంది.

ఇందులో ప్రమాదమేమిటని ప్రోగ్రాం లోపలికి వెళ్లి చూసింది.

మూడో స్తంభం దగ్గర నేల ఎడమకి వాలి ఉంటుంది. అదే చోట రాజు గారు మెరుపువేగంతో కుడికి మలుపు తీసుకుంటారు కాబట్టి ఆయన ఒళ్లు కుడికి ఒరుగుతుంది. పైడితల్లి "ఎడమ వాలు" అన్నది నేల సంగతి. ప్రోగ్రాం అది ఒంటికి చెప్పిన ఆజ్ఞ అనుకుంది. రాజు గారు కుడికి ఒరిగేచోట ఈవిడ జనాన్ని ఎడమకి వాలమంటోందని తీర్పిచ్చి ఎర్రగుర్తు కొట్టింది. "ముందు వాలు, తర్వాత చదును" అన్న పెద్దమనిషి జనాన్ని ముందు వాలి తర్వాత నేలకి చదునుగా పడుకోమంటున్నాడని అర్థం చేసుకుంది. మన భాషలో ‘వాలు’ అన్న రెండక్షరాలూ నేలకీ సరిపోతాయి, మనిషికీ సరిపోతాయి. మధ్యవాళ్లు మంచు ఎలా ఉందో చెప్పారు. గురువులు ఒళ్లు ఎలా పెట్టాలో చెప్పారు. ప్రోగ్రాం గురువుల భాష ఒక్కటే నేర్చుకుంది.

ఆ భాష దానికి నేర్పిందెవరు? దానికిచ్చిన మాటల పట్టికలో కింద పేరుంది. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రాజు గారి పాఠాలు ముందేసుకుని, వంచు, లేపు, తిప్పు, వాలు అని నలభై మాటలు గబగబా రాసి, అన్నిటికీ ఎదురుగా ‘ఆజ్ఞ’ అని పెట్టి పంపింది వింధ్యావళే. తన ప్రశ్నకి జవాబులు వచ్చే ఉంటాయి. తను రాసిన పట్టికే వాటిని తొక్కిపెట్టింది. ఆ పట్టికవల్లే అరవై శాతం నివేదిక, నివేదికవల్లే రాజు గారి అడుగు, రాజు గారి అడుగువల్లే మెట్టుమీద ఆగిపోయిన కాలు. ఆమెకి ఒళ్లు మండింది, ముందు తనమీద, తర్వాత అందరిమీద.

పట్నాయక్ గదికి వెళ్లేసరికి రాజు గారు కూడా అక్కడే ఉన్నారు. ఆమె తప్పంతా తనదేనని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. పొరలో నొక్కే తీగలు ఆపేసి వినేవి మాత్రం ఉంచాలనీ, ఆ పదకొండు వేల గొంతులూ గ్రూపులో పైకి తేవాలనీ, ఇంటి పొర విడుదల మానుకోవాలనీ అడిగింది. పట్నాయక్ తల పట్టుకున్నాడు. ఇప్పుడు ఆపితే సంస్థ నవ్వులపాలవుతుందన్నాడు. వార్షికోత్సవం అయ్యాక నెమ్మదిగా చూద్దామన్నాడు. పొర రహస్యాలు బయటపెడితే ఉద్యోగం ఉండదని కూడా చల్లగా చెప్పాడు.

రాజు గారు మర్యాదస్తుడు. "అమ్మా, పడ్డవాళ్లు ఎలా పడ్డారో చెప్తే ఎవరు వింటారండీ? జనానికి నేర్చుకోవాలని ఉంటుంది గానీ," అన్నారు.

"మీరు ఆఖరిసారి మూడో స్తంభం దగ్గర పడి ఎన్నేళ్లయిందండీ?" అని అడిగింది వింధ్యావళి.

ఆయన ఆలోచించి, ఆ చోట తను ఎప్పుడూ పడలేదన్నారు. అందుకే ఆ చోటు సంగతి మీకు తెలియదని ఆమె చెప్పి, నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే గ్రూపులో రాసింది. ఏదీ దాచలేదు. పట్టిక తనే రాశాననీ, ఒక్క మాటని ఒంటికన్నుతో చూశాననీ, దానివల్ల నాలుగేళ్లపాటు మీ మాటలు మీకే వినపడలేదనీ రాసింది. రెండువందల పదిహేడు గీతల సంగతీ రాసింది. కింద గొంతులన్నీ విడుదల చేసింది. చివర ఒక్క విన్నపం చేసింది. మధ్యవాళ్లు మధ్యవాళ్లకి ఎలా దిగాలో చెప్పడం మానేసి, అక్కడ ఎలా ఉందో చెప్పండి, మీరు ఎక్కడ పడ్డారో చెప్పండి అంది. పెట్టిన గంటలోపే పట్నాయక్ మనుషులు ఆమె రాసింది తీసేశారు. అప్పటికే ఆ గొంతులు వేలమంది ఫోన్లలోకి ఎక్కేశాయి.

మొదటి ఫోను పైడితల్లిది. ఆవిడ తిట్టడానికే చేసింది.

"నాలుగేళ్లనుంచి సెప్తన్నాను. నా మాట ఎవులూ ఇనుకోరేటని నాలో నానే కుమిలిపోనాను. నాకే తెలీదేమో అనీసుకున్నాను. నువ్వా తల్లీ నా నోరు నొక్కింది?"

వింధ్యావళి అవునంది. మీ ఆయన కాలు ఇప్పుడెలా ఉందని ఆవిడ అడిగింది. తర్వాత ఆవిడ, వార్షికోత్సవం రోజున నీలంజెండా వాలు ఖాళీగానే ఉంటుంది కదా, జనమంతా వేదిక దగ్గరే ఉంటారు కదా, మీ ఆయన్ని తీసుకురా అంది.

ఆ రోజు పొద్దున కప్పు కింద తోరణాలు, మైకులు, పూలదండలు. వేదికమీద మొదటి జత అందుకోవాల్సిన విశ్వేశం ఖాళీ కుర్చీ. వాలు మీదికి నలభై ఒక్కమంది వచ్చారు. అందులో కొందరు గోడలు పట్టుకుని నడుస్తున్నవాళ్లే. ఒక పోస్టుమాస్టరు, ఇద్దరు అక్కచెల్లెళ్లు, అరకు నుంచి ఒక కాఫీ తోటాయన. ఎవరికీ పెద్ద పేరు లేదు. వింధ్యావళి అందరి పొరల్లో నొక్కే తీగ కత్తిరించి, వినే తీగ ఉంచింది. కాళ్లు సాగిన కొద్దిమంది స్తంభానికి ఒకరు చొప్పున నిలబడ్డారు. మూడో స్తంభం దగ్గర పైడితల్లి నిలబడింది. వాలు మొత్తం కనబడేలా వింధ్యావళి కింద, చేతిలో చిన్న తెరతో నిలబడింది.

పైన విశ్వేశం బయల్దేరాడు. మొదటి స్తంభం దగ్గర పోస్టుమాస్టరు గొంతు, ఇక్కడ చదును, హాయిగా రండి అని. విశ్వేశం నాలుగు గజాలు జారి పడ్డాడు. తెరమీద గీత అంతసేపూ చదునే. లేచాడు. రెండో స్తంభం దగ్గర అక్కచెల్లెళ్లు, ముందు వాలు, గరుకు మంచు అన్నారు. మళ్లీ పడ్డాడు, ఈసారి మొహం మంచులో కూరుకుంది. గీత కదల్లేదు. వేదిక దగ్గర జనం అప్పటికే ఇటు తిరిగి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. వింధ్యావళికి పరిగెత్తుకెళ్లి ఆయన్ని కిందికి తెచ్చేసుకోవాలనిపించింది. ఆయన కాలిని ఒకసారి పోగొట్టింది తను, ఇప్పుడు ఇంతమంది ముందు నవ్వులపాలు చేస్తోందీ తనే. కానీ ఆయన లేచి నిలబడి మంచు దులుపుకుంటున్నాడు, ఆమె ఉన్నచోటే ఉండిపోయింది.

మూడో స్తంభం దగ్గర పైడితల్లి గొంతు కొండంతా వినపడింది.

"బాబూ, ఇక్కడ ఎడమ వాలు. బయమేస్తాది. నాకూ ఏసింది."

తెరమీద గీత ఉలిక్కిపడింది. మడమ దగ్గర చిన్న అల. తర్వాత పక్క అంచున ఇంకొకటి. వేళ్లు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి, మళ్లీ విచ్చుకున్నాయి. రాజు గారి అడుగులో అలాంటి తడబాటు ఎక్కడా లేదు, అది అచ్చంగా విశ్వేశానిదే. కాలు వెతుక్కుంటోంది. మూడు సెకన్లు వెతుక్కుంది. ఆ తర్వాత విశ్వేశం పెద్దగా, అడ్డంగా, పలకలు రెండూ ఊడిపోయేలా పడ్డాడు.

పట్నాయక్ వింధ్యావళి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం కన్నా జాలే ఎక్కువ ఉంది. పడిపోయారు కదమ్మా, ఇంక చాలు అన్నాడు. గుర్తింపు కార్డు ఇచ్చెయ్యమని మెల్లగా అడిగాడు. ఆమె తెర ఆయన ముఖం ముందు పెట్టి ఆ మూడు సెకన్లూ చూపించింది. ఆయన దాన్ని రెండుసార్లు చూశాడు. ఆమె మెళ్లోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది.

పైనుంచి విశ్వేశం అరుస్తున్నాడు. మంచులో వెల్లకిలా పడి, రెండు చేతులూ పైకెత్తి, కప్పు దద్దరిల్లేలా అరుస్తున్నాడు.

"నేనే పడ్డాను వింధ్యా. ఇది నేనే పడ్డాను."

వాలు మీది నలభై మందీ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. వేదిక దగ్గర ప్రసంగం ఆగిపోయింది. రాజు గారు దండలతో సహా లేచి నిలబడి కొండవైపు చూస్తున్నారు. వింధ్యావళి కళ్లు తుడుచుకోలేదు. పలకలు కాళ్లకి బిగించుకుని, ఇప్పుడు తను పడటానికి పైకి బయల్దేరింది.